ముప్పయ్యో తారీఖు జ్వరం

మా ఆయన కైసర్ బద్ధకం కోసం చాలా కష్టపడే మనిషి. చేదబావి నుంచి నాలుగు బిందెలు తేవడానికి బద్ధకించి, నాలుగు రోజులు కూర్చుని గిలకకు ఏదో ఏర్పాటు చేశాడు. నీళ్లు వాటంతట అవే పైకి వస్తాయన్నాడు. తాడు తెగి బిందె బావిలో పడింది. దాన్ని తీయించడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆరు రోజులు చెమటోడ్చి ఆయన తప్పించుకున్నది నాలుగు బిందెల మోత.

అలాంటి మనిషికి కంప్యూటర్ దొరికితే ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

అప్పట్లో నేను గార్లలో ఉండేదాన్ని, ఆయన భూపాలపల్లిలో. అక్కడ బొగ్గు లారీలను తూచే కాంటా దగ్గర ఒక కంట్రాక్టరుకు రేకుల ఆఫీసు ఉండేది. అందులో ఆయన ఆపరేటరు. లారీ కాంటా ఎక్కుతుంది. ఈయన నంబరు, డ్రైవరు పేరు, బరువు కొట్టి కిటికీలోంచి చీటీ ఇస్తాడు. లారీ దిగుతుంది. ఇంకో లారీ ఎక్కుతుంది. పదకొండేళ్లు అదే పని. ఇంటికి నెలకోసారి వచ్చేవాడు, అదీ లారీలు దయతలిస్తే.

ఫోను లేదా అంటారేమో, ఉంది. కానీ ఆయన ఫోనులో మాట్లాడితే డబ్బులు అయిపోయేవి కావు, మాటలు అయిపోయేవి. నేను ఊళ్లో సంగతులన్నీ చెప్పి, ఇంట్లో సంగతులన్నీ చెప్పి, మీరెట్లున్నరు అంటే, "ఆఁ, ఉన్న" అనేవాడు. ఇంకేంది అంటే, "ఏమున్నది, పెట్టేయ్" అనేవాడు. పెట్టేశాక ఫోను వేడిగా ఉండేది, నేను చల్లగా అయిపోయేదాన్ని.

అందుకని ఉత్తరం రాయమన్నాను. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. అయినా ఉత్తరమే అడిగాను. ఫోనులో మాట గాలికి పోతుంది, ఉత్తరమైతే చేతిలో ఉంటుంది. మన పక్కింట్లో సరళ ఉంది, అంగన్‌వాడీ టీచరు, ఎన్నిసార్లు చదవమన్నా విసుక్కోదు. వారానికి ఒకటి, చిన్నదైనా సరే, అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మొదటి ఉత్తరం జూలైలో వచ్చింది. తెచ్చింది బిక్షపతి. ఆయన మా గార్ల మనిషే, భూపాలపల్లి వైపు తిరిగే ఆర్టీసీ బస్సులో కండక్టరు. శుక్రవారం సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకొచ్చేవాడు. ఉత్తరం లారీ చీటీ కాగితం మీదే ఉంది, చేతిరాత కాదు, ప్రింటు. అయినా నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సరళ చదివింది: ఈ వారం ఇక్కడ వానలు బాగా పడ్డాయి, వానకు బట్టలు ఆరడం లేదు, నిన్న బెండకాయ కూర తిన్నాను, తింటుంటే నువ్వు గుర్తొచ్చావు, అమ్మను జాగ్రత్తగా చూసుకో, అందరినీ అడిగినట్టు చెప్పు. అంతే. ఆ వారంలో దాన్ని పదకొండుసార్లు చదివించుకున్నాను. పన్నెండోసారి సరళ చూడకుండానే చెప్పింది.

రెండో ఉత్తరంలో బెండకాయకు బదులు సొరకాయ వచ్చింది. మూడో దాంట్లో దొండకాయ.

ఆయన ఒక లెక్క వేసుకున్నాడు. ముంతాజ్‌కు చదువు రాదు కదా, ఏం తెలుస్తుందని. చదువు వచ్చినవాళ్లు కాగితం మీద చూసి మరిచిపోతారు. మాకు చెవులే పుస్తకాలు, విన్నది విన్నట్టు ఉండిపోతుంది. నాలుగో ఉత్తరం సరళ మొదలుపెట్టగానే మిగతాది నేను పూర్తిచేశాను. ఆమె కాగితం వంకా నా వంకా చూసి, నీకు చదువెప్పుడొచ్చింది అక్కా అంది.

అసలు జరిగింది నాకు తర్వాత తెలిసింది గానీ మీకు ఇప్పుడే చెప్పేస్తాను. ఆయన కంప్యూటర్‌లో బొమ్మలూ రంగులూ ఉండేవి కావు. నల్ల తెర, దాని మీద తెల్ల అక్షరాలు. ఏం కావాలన్నా ఒక వరుస టైపు కొట్టి అడగాలి. ఆ అడిగించుకునేదాన్ని షెల్ అంటారట. చీటీల కోసం ఆయన మారని మాటలన్నీ ఒక్కసారి రాసి పెట్టుకుని, మారే చోట మాత్రం డాలరు గుర్తు వేసి ఒక పేరు పెట్టేవాడు. డాలరు లారీ, డాలరు డ్రైవరు, డాలరు బరువు. షెల్ ఆ గుర్తులు తీసేసి అసలు మాటలు పెట్టి చీటీ దించేది. లారీలు రాని ఒక పూట ఆయనకు మెరుపులా తట్టిందట: పెళ్లాం కూడా వారానికోసారి వచ్చే లారీయే కదా.

ఇక చూడండి. కూరకు ఒక గుర్తు, వానకు ఒక గుర్తు, తారీఖుకు ఒక గుర్తు. పదమూడు కూరల పేర్లు వరుసగా రాసిపెట్టి, వారానికొకటి తీసుకొమ్మని షెల్‌కు చెప్పాడు. నాకు రెండు వరుసలు రాయడానికి బద్ధకించి, ఆ ఏర్పాటుకు నలభై వరుసలు రాశాడు. ఆ నలభై వరుసలు నాకే రాసి ఉంటే నేను ఏడాది పాటు బతికేదాన్ని.

అయితే షెల్ మా అత్తగారి లాంటిది. చెప్పింది చెప్పినట్టే చేస్తుంది, చెప్పనిది చచ్చినా చేయదు.

ఆగస్టులో ఒక ఉత్తరంలో ఈ వారం ఇక్కడ ఎండలు బాగా పడ్డాయి, వానకు బట్టలు ఆరడం లేదు అని వచ్చింది. సరళ రెండుసార్లు చదివింది. భూపాలపల్లి ఏమైనా కొత్త దేశమా అని అడిగింది. వానను తీసి ఎండ పెట్టమని ఈయన చెప్పాడట. వరుసలో మొదటి వానను మాత్రమే షెల్ తీసింది. అన్నీ తీయమంటే చివర ఇంకో అక్షరం కొట్టాలి, అది కొట్టలేదు.

తర్వాతి వారం ఇంకా విచిత్రం. "నిన్న డాలర్ కూర తిన్నాను" అని ఉంది. ఒంటి కొటేషన్ల మధ్య పెడితే గుర్తును షెల్ ముట్టుకోదట, ఉన్నది ఉన్నట్టు దించేస్తుందట. అది మాకేం తెలుసు. డాలర్ కూర అంటే ఏదో గొప్పింటి వంట అనుకున్నాను. భూపాలపల్లిలో నా మొగుడికి అంత గొప్ప కూర వండి పెడుతున్నది ఎవరు అని మొదటిసారి అప్పుడే గుబులు పట్టుకుంది.

ఉత్తరం మరీ చిన్నదైతే నేను బాధపడతానని ఇంకో ఏర్పాటు. అక్షరాలు లెక్కపెట్టి, తక్కువైతే "అందరినీ అడిగినట్టు చెప్పు" అనే మాట చివర అతికించమన్నాడు. ఒక వారం అది నాలుగుసార్లు అతికింది. నేను పోయి నాలుగుసార్లు చెప్పాను. మా అత్తగారు నాలుగోసారి, వాడికి ఏమైనా అయిందా ముంతాజ్, నిజం చెప్పు అని ఏడ్చింది.

ఎక్కువైతే కత్తిరించమన్నాడు, చీటీ కాగితం దాటకుండా. అలా కత్తిరించిన ఉత్తరం ఒకటి వచ్చింది. దాని చివర ఇలా ఉంది: "ముంతాజ్, నీ మీద నాకు ఎంత". అంతే, కాగితం అయిపోయింది.

నవ్వకండి. ఆ మిగిలిన మాట కోసం నేను పది రోజులు కాగితం తిప్పి తిప్పి చూశాను. ఆరిపోయిన ఇంకు ఏమైనా కనబడుతుందేమోనని దీపానికి పట్టాను. ఎంత ఏమిటి? పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది, ఆయన నోట అలాంటి వాక్యం మొదలైనట్టు కూడా నేను వినలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేదాన్ని. ఫోనులో అడిగితే, ఏం రాసిన్నో యాదికి లేదు, పెట్టేయ్ అన్నాడు.

ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బొగ్గు బాయిలు ఆగిపోయాయి. ఊరంతా రాష్ట్రం గురించి మాట్లాడుతుంటే నాకు ఇంకో లెక్క కూడా తోచింది. బొగ్గు ఆగితే లారీ ఆగుతుంది. లారీ ఆగితే కాంటా ఆగుతుంది. కాంటా ఆగితే మా ఆయన ఇంటికొస్తాడు. నాకు రాష్ట్రమూ రావాలి, ఆయనా రావాలి. ఇద్దరిలో ఆయనే ముందొస్తాడనుకున్నాను. మంచం నవారు బిగించాను. రోజూ గేటు చప్పుడైతే లేచేదాన్ని.

వారం గడిచింది. ఆయన రాలేదు. బిక్షపతి వచ్చాడు.

బస్సులు కూడా సమ్మెలోకి దిగాయి కాబట్టి బిక్షపతి ఊరికి వచ్చేశాడు. సంచిలోంచి ఉత్తరాల కట్ట తీశాడు. ఐదు ఉన్నాయి. ఒకేసారి ఐదేంటన్నా అని అడిగాను.

"కైసర్ భాయ్ ముందుగాల్నే ఇచ్చి పెట్టిండు చెల్లె, వారానికొకటి ఇయ్యమని. కరెంటు ఉంటదో ఉండదో అని అన్నీ ఒక్కపాలే తీసిండట. కని నేను సమ్మెల ఉన్నోణ్ని. వారం వారం తెచ్చి ఇచ్చుడంటే డ్యూటీ లెక్క అయితది. సమ్మెల డ్యూటీ జెయ్యొద్దు గద. అందుకే అన్నీ ఇచ్చేస్తున్న."

అంత నిష్ఠ గల ఉద్యమకారుణ్ని నేను మళ్లీ చూడలేదు.

సరళ కట్ట విప్పింది. ఆ రోజు సెప్టెంబరు ఇరవై. మొదటి ఉత్తరం మీద ఇరవై మూడు అని ఉంది. పని చాలా ఎక్కువగా ఉంది, రాలేను. రెండోదాని మీద ముప్పై. నిన్నటి నుంచి చలిజ్వరం, శనివారం దాకా మంచం దిగొద్దని, జావ తప్ప ఏమీ తినొద్దని డాక్టరు చెప్పాడు, నువ్వు పరేషాన్ కావద్దు, రావద్దు. మూడోది అక్టోబరు ఏడు. జ్వరం తగ్గింది కానీ నీరసం. నాలుగోది, కంట్రాక్టరు పని మీద జనగామ వెళ్లాల్సి వచ్చింది. ఐదోది చదవకుండా సరళ కాగితం ఒళ్లో పెట్టుకుంది.

"అక్కా, గివి ఇంక కానేలేవు" అంది.

ఆమె నవ్వు ఆపుకుంటోంది. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ కూరలు మారుస్తున్నాడంటే బద్ధకం అనుకున్నాను. ఇది వేరు. నెల రోజుల పాటు ఇంటికి రాకుండా ఉండటానికి ఆయన కారణాలు ముందే వండి, చల్లార్చి, డబ్బాలకెత్తి పెట్టుకున్నాడు. పని లేని మనిషి, సెలవులో ఉన్న మనిషి, ఇంటికి ఎందుకు రాడు? అక్కడ ఏముంది? డాలర్ కూర నాకూ సరళకూ ఒకేసారి గుర్తొచ్చింది.

కోపంతో వెళితే తలుపు దగ్గరే అబద్ధం చెబుతాడు. అందుకని ఉత్తరాన్ని నమ్మినట్టే వెళ్లాలనుకున్నాను. ముప్పయ్యో తారీఖు ఉత్తరంలో నిన్నటి నుంచి జ్వరం అంటే ఇరవై తొమ్మిదిన మొదలవ్వాలి. మొగుడికి ఇరవై తొమ్మిదిన జ్వరం వస్తుందని ఇరవైనే తెలిసిన భార్య ఎవరుంటారు? సామాను సర్దుకోవడానికి తొమ్మిది రోజుల వ్యవధి దొరికింది. జావకని బియ్యపు రవ్వ విసిరాను. జ్వరం కషాయానికి నేలవేము ఎండబెట్టాను, చేదు తగ్గకుండా నీడన.

ఇరవై తొమ్మిది, గురువారం. గార్లలో పాసింజరు ఎక్కి వరంగల్‌లో దిగాను. అక్కణ్నుంచి బస్సుల్లేవు. పరకాల దాకా ఒక ఆటో, రేగొండ దాకా ఇంకో ఆటో, అక్కణ్నుంచి జెండాలు కట్టిన ట్రాక్టరు. ట్రాక్టరులో అందరూ నినాదాలు ఇస్తుంటే నేనూ ఇచ్చాను. వాళ్లు రాష్ట్రాన్ని అడిగారు. నేను లోపల మొగుణ్ని అడిగాను.

భూపాలపల్లిలో రోడ్డు మీద వంటా వార్పు నడుస్తోంది. బండ్లు తిరగకుండా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వందల మంది కూర్చుని తినడం. మసాలా వాసన అరమైలు దూరం నుంచే వస్తోంది. ట్రాక్టరు దిగి జనంలోకి వెళ్లాను. ఒకామె నన్ను చూసి, అక్కా నిలబడు, బగారా అన్నం అయిపోవచ్చింది, కైసర్ భాయ్ చెయ్యి పడ్డదంటే వేళ్లు నాకాల్సిందే అంది.

అప్పుడు చూశాను ఆ రెండో ఆడదాన్ని. పొయ్యి మీద నడుమెత్తు ఇత్తడి దేగ్. దాని ముందు లుంగీ ఎగగట్టి, తలకు తువ్వాలు చుట్టి, పడవ తెడ్డంత గరిటెతో మా ఆయన. చుట్టూ బాయి కార్మికుల భార్యలు ఉప్పు అందించేవాళ్లు అందిస్తున్నారు, మంట ఎగదోసేవాళ్లు ఎగదోస్తున్నారు. పద్దెనిమిదేళ్లలో మా ఇంట్లో టీ కూడా పెట్టని మనిషి. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూశాడు. గరిటె దేగ్‌లోనే ఆగిపోయింది.

"ముంతాజ్, నువ్వెట్ల వచ్చినవు?"

"మీకు జ్వరం గద, అందుకే వచ్చిన."

"జ్వరమా? ఎవలకు?"

"మీకే. ఇయ్యాల్నే మొదలైంది. రేపటి కాయితంల రాసిన్రు."

ఆయన ముఖంలో రంగులు మారడం చూడాలి. నేను ముందుకు వెళ్లి నుదుటి మీద చెయ్యి వేశాను. పొద్దుటి నుంచి మంట ముందు నిలబడ్డ మనిషి నుదురు కాలక ఏం చేస్తుంది? మీరు కూడా చూడండని పక్కనున్నామెను పిలిచాను. ఆమె ఓదెమ్మ, ఆయన అద్దెగదికి పక్క గది వాళ్లే. గట్టి మనిషి, ఆ వంటా వార్పు అంతా ఆమె చేతి మీదే నడుస్తోంది. ఆమె చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"ఓ, పెనం లెక్కున్నది. గింత జ్వరం బెట్టుకొని వండుతున్నవా తమ్మీ? తెలంగాణ కోసం పానం ఇస్తవా ఏంది? నడు, పండు."

నాకేం లేదు ఓదెమ్మక్కా అని ఆయన అంటుంటే, జ్వరం ఎక్కువైనోళ్లు గట్లనే అంటరని నలుగురు కలిసి చేతులు పట్టుకుని గదికి తీసుకొచ్చారు. గరిటె ఇంకెవరో అందుకున్నారు. ఆయన ఆ గరిటె వైపు చూసినట్టు నా వైపు ఎప్పుడూ చూడలేదు.

గదిలో దుప్పటి కప్పాను. నేలవేము కషాయం గ్లాసు నిండా తాగించాను. తర్వాత ఉప్పు లేని జావ. కిటికీలోంచి బగారా వాసన వస్తూనే ఉంది. ఓదెమ్మ పళ్లెం నిండా అన్నం, పైన మటన్ ముక్కలు పెట్టి పంపింది. ఆయన లేచి కూర్చున్నాడు. జావ తప్ప వద్దన్నాడు డాక్టరు అని గుర్తు చేశాను. ఏ డాక్టరు అన్నాడు. కాగితంలో డాక్టరు అన్నాను. వండినవాడి వాటా పాడుచేస్తే పాపమని ఆ పళ్లెం నేనే తిన్నాను. చాలా బాగుంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

శుక్రవారం కూడా అంతే. ఓదెమ్మ పరామర్శకు వచ్చి, ఇవాళ అన్నం మాడిందనీ, ఉప్పు ఎక్కువైందనీ, జనం తిట్టుకుంటూ తిన్నారనీ చెప్పింది. ఎవరో దగ్గరివాళ్లు పోయిన కబురు విన్నట్టు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం పొద్దున నాలుగో గ్లాసు కషాయం చూడగానే ఓడిపోయాడు.

"జర ఇను ముంతాజ్. నాకు జ్వరం లేదు."

"ఉన్నది. మీరే రాసిన్రు."

"నేను రాయలె. షెల్ రాసింది."

"అయితే నా మొగుడెవలు? మీరా, షెల్లా?"

అప్పుడు మొత్తం చెప్పాడు. నల్ల తెర, డాలరు గుర్తులు, పదమూడు కూరలు, అతికించడం, కత్తిరించడం. తెలుగు అక్షరాలు ఆ తెర మీద విరిగిన పెంకుల్లా కనబడతాయనీ, కాగితం మీదికి వచ్చాకే అతుక్కుంటాయనీ చెబుతూ, అపరాధం మరిచి మధ్యలో ఉత్సాహపడిపోయాడు కూడా. నేను అంతా విని, కత్తిరించిన మాట ఏమిటని అడిగాను. నీ మీద నాకు ఎంత, తర్వాత?

"ఎంతమాత్రం కోపం లేదు, అని రాసిన్నట్టున్నది. ఫోనుల నువ్వు తిట్టినవు గద ఆ వారం."

పది రోజులు నేను దీపానికి పట్టిన మాట అది.

మరి ఇంటికి ఎందుకు రాలేదని అడిగాను. తల దించుకున్నాడు. దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ చెప్పాడు.

"పదకొండేండ్లు కిటికీలకెల్లి చీటీలిచ్చిన ముంతాజ్. ఒక్కడు నా మొఖం జూడలె. ఈడ ఆరు వందల మంది తిని, ఎవలు వండిన్రు అని అడుగుతున్నరు. ఇంటికొస్తే అయిపోతదేమో అనిపిచ్చింది."

నాకు కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఇది రాస్తే అయిపోయేది కదా అన్నాను. ఈ ఒక్క ముక్క రాసి పంపితే నేనే దేగ్ పట్టుకుని వచ్చేదాన్ని కదా. దీనికి గుర్తు ఏం పెట్టాలో తెలియలేదట.

నేను మధ్యాహ్నం కల్లా బయలుదేరాలి, లేకపోతే వరంగల్‌లో బండి అందదు. ఇక మొండికేశాను. నాకు ఒక ఉత్తరం కావాలి, చేతితో రాసింది, నాకే రాసింది. నువ్వు ఎదురుగా ఉంటే ఏం రాయను అన్నాడు. సరే, బయట కూర్చుంటాను అన్నాను. రాసేదాకా నోరు విప్పొద్దు, మీరు మాట్లాడి నన్ను మాయ చేస్తారు, మాట్లాడారంటే నేను ఈ గడప మళ్లీ తొక్కను అని చెప్పాను. ఓదెమ్మ ఇంటి నుంచి పెన్ను తెచ్చి ఇచ్చాను, బయటికి వచ్చి గడియ పెట్టాను.

గది ముందు ఆవరణంతా బండలు. నీడ లేదు. తలుపు పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల కుర్చీ చప్పుడు, నిట్టూర్పు, కాగితం నలిపిన చప్పుడు. రోడ్డు మీద పాటలు. గంట దాటింది. నాకు భలే సంతోషంగా ఉంది, ఒక మనిషి నా కోసం గంట సేపు కష్టపడుతున్నాడు, ఈసారి బద్ధకం కోసం కాదు.

తలుపు కింద సందులోంచి కాగితం బయటికి వచ్చింది. తీసుకున్నాను. మడతపెట్టి జాకెట్లో దాచుకున్నాను. గడియ వెంటనే తీయలేదు. కాస్త ఎదురుచూడనీ, నేను మూడు నెలలు చూశాను కదా అనుకుని అక్కడే కూర్చున్నాను.

కాసేపటికి సందులోంచి ఇంకొకటి వచ్చింది. నా చెప్పు. ఆ వెంట రెండో చెప్పు.

ఒళ్లు మండిపోయింది. అడగ్గా అడగ్గా నాలుగు ముక్కలు రాసి, ఇక పొమ్మని చెప్పులు ముందుకు తోస్తాడా? దేగ్ దగ్గరికి పోవడానికి అంత తొందరా? చెప్పులు తొడుక్కున్నాను. గడియ మీరు తీయండని ఓదెమ్మకు చెప్పి, వెనక్కి చూడకుండా ట్రాక్టరెక్కాను.

ఆ ఉత్తరాన్ని సరళకు ఇవ్వలేదు. మొదట కోపంతో ఇవ్వలేదు, తర్వాత నాకే రాసింది కాబట్టి ఇంకొకరి నోట వినాలనిపించలేదు. తర్వాతి శుక్రవారం ఉత్తరానికి బదులు మనిషే వచ్చాడు, ఏదో లారీ పట్టుకుని. సగం దూరం నడిచాడట. చదివించుకున్నవా అని కూడా అడగలేదు, నా కాళ్ల వంక చూసి ఊరుకున్నాడు. నేనూ అడగలేదు. ఆ పైన ప్రతి శుక్రవారం వచ్చాడు. పక్కన మనిషి ఉంటే కాగితంతో పనేముంది? రాష్ట్రం వచ్చిన రోజు గార్లలో రోడ్డు మీద మూడు దేగ్‌లు వండాడు. ఆ తర్వాత రెండేళ్లకు, ఒక మధ్యాహ్నం తిని పడుకుని మళ్లీ లేవలేదు.

శుక్రవారాలు మళ్లీ ఖాళీ అయ్యాయి. అప్పుడు సరళ దగ్గర పలక పట్టాను. అంగన్‌వాడీ పిల్లలు ఇంటికి వెళ్లాక వాళ్ల చిన్న కుర్చీలో కూర్చుని అ, ఆ దిద్దాను. గుణింతాలకే ఏడాది పట్టింది. ఒత్తులు వచ్చాక ఒక పగలు తలుపు వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఆ కాగితం విప్పాను. కోడి కెలికినట్టుంది రాత. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను.

"ముంతాజ్, ఏం రాయాల్నో తెలుస్తలేదు. తలుపు సందుల నుంచి నీ కాళ్లు కనబడుతున్నయి. చెప్పులు లోపలనే మరిచినవు. బండలు కాలుతున్నయి. ముందు లోపలికి రా. తర్వాత రాస్త."

చదువు రాని పెళ్లాన్ని లోపలికి రమ్మని కాగితం మీద పిలిచిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు. మీరు నవ్వండి, నేనూ ముందు నవ్వాను.

ఒక్క కేక వేసి ఉంటే లేచి వెళ్లేదాన్ని. నోరు విప్పొద్దన్నది నేనే. గడియ పెట్టిందీ నేనే.